ఆపిల్ తోటల వేటనల్లి

కెనడాలోని నోవా స్కోషియా ఆపిల్ తోటల్లో ఎర్రనల్లిని తిని బతికే వేటనల్లి టిఫ్లోడ్రోమస్ పైరీ. శరదృతువులో పగటి పొద్దు తగ్గగానే దాని ఆడవి గుడ్లు పెట్టడం మానేసి, బెరడు పగుళ్లలో దూరి సుప్తావస్థలోకి వెళతాయి. మగవి చలికాలం దాటవు. అప్పటికే జతకట్టిన ఆడవే మరుసటి వసంతంలో సంతతిని మొదలుపెడతాయి. ఒంట్లో మంచు కడితే చావే. అందుకే సున్నాకు బాగా దిగువన కూడా దేహద్రవం గడ్డకట్టకుండా నిలవడం మీదే వాటి ప్రాణం ఆధారపడి ఉంటుంది.

వీటి విలువ రైతులకు ఆలస్యంగా తెలిసింది. 1940లలో కీటక శాస్త్రవేత్త ఎ.డి. పికెట్ బృందం అక్కడి తోటల్లో పురుగుమందులే మిత్రజీవులను చంపి చీడను పెంచుతున్నాయని గుర్తించి, వాటి వాడకాన్ని తగ్గించింది. రచయిత్రి రేచెల్ కార్సన్ 1962లో వచ్చిన తన పుస్తకం ‘సైలెంట్ స్ప్రింగ్’లో ఆ కృషిని మెచ్చుకుంది.

ఐరోపా గ్రీన్‌హౌసుల కథ వేరు. 1960ల చివర నెదర్లాండ్స్‌లో దోస రైతు యాన్ కోపర్ట్ పెంచి అమ్మడం మొదలుపెట్టిన ఫైటోసీయులస్ పెర్సిమిలిస్ అనే మరో వేటనల్లికి సుప్తావస్థే లేదు. ఉత్తర ఐరోపా చలికి అది ఆరుబయట నిలవదు కనుక రైతు మళ్లీ మళ్లీ కొనాల్సిందే. అమ్మేవారికి ఆ బలహీనత బాగానే కలిసొచ్చింది.