నూడుల్స్ గిన్నెలో 1949

న్యూయార్క్ ఫ్లషింగ్ చైనాటౌన్‌లో చిన్న తైవాన్ హోటల్‌కెళ్ళి మెనూ తిరగేస్తే బీఫ్ నూడుల్ సూప్ కనబడుతుంది. మనకి బిర్యానీ ఎలాగో తైవాన్ వాళ్ళకిది అలాగ. తమాషా ఏంటంటే, ఒకప్పుడు అక్కడి రైతుల్లో చాలామంది గొడ్డుమాంసం ముట్టేవాళ్ళు కాదు. పొలం దున్నే పశువుని తింటామా అని! పైగా వాళ్ళ తిండి అన్నం.

మరి ఇదెక్కణ్ణుంచి వచ్చింది? 1949లో మావో గెలిచాక, చియాంగ్ కై-షేక్ వెంట సైనికులూ కుటుంబాలూ కలిపి పది లక్షలమందికి పైనే తైవాన్ చేరారు. 1950ల్లో అమెరికా సాయంగా గోధుమలొచ్చాయి (మనకీ పీఎల్-480 కింద వచ్చాయి కదా, అలాగే). ఆ పిండితో నూడుల్స్, సిచువాన్ నుంచి వచ్చినవాళ్ళ కారం, రెండూ కలిసి ఈ సూప్ అయింది. సొంతూరు చూసి రావడానికి మాత్రం వాళ్ళకి 1987 దాకా అనుమతి రాలేదు. 38 ఏళ్ళు!

1965లో అమెరికా వలస చట్టం మారాక తైవాన్ నుంచి చదువుకున్నవాళ్ళు వచ్చారు. మాన్‌హట్టన్ చైనాటౌన్‌లో నడిచేది కాంటనీస్, వీళ్ళకది రాదు. అందుకే 1970ల్లో ఫ్లషింగ్‌లో స్థిరపడ్డారు. అదే చట్టం పుణ్యమా అని వచ్చిన మన దక్షిణాదివాళ్ళు అదే ఫ్లషింగ్‌లో కట్టుకున్న గణేశుడి గుడికి 1977లో కుంభాభిషేకం జరిగింది. ఆ గుడి క్యాంటీన్ దోసెలకి ఇప్పుడు ఊరంతా పేరే.

"ఇక్కడ అసలైన రుచి దొరకదండీ" అని డల్లాస్‌లో పెసరట్టు తింటూ విసుక్కునేవాళ్ళకి నేను చెప్పేదొకటే. ఆ సైనికులకీ దొరకలేదు. ఉన్నవాటితో వండుకున్నారు, ఇప్పుడదే అసలు రుచి అయి కూర్చుంది. మీరేమంటారు?