సామూహిక రక్తపోటు పరీక్షలు (మౌలాలి - నాచారం - ఉప్పల్)

ఆరోగ్యంగా ఉన్నామనుకొనే ప్రజలకు వారి బస్తీలోనో, పనిచేసే చోటనో బి.పి. చూసి, అధిక రక్తపోటు ఉన్నవారిని గుర్తించడాన్ని సామూహిక రక్తపోటు పరీక్ష అంటారు. అధిక రక్తపోటు చాలామందిలో ఏ లక్షణమూ చూపదు. గుర్తించకుండా వదిలేస్తే పక్షవాతం, గుండెపోటు, మూత్రపిండాల వైఫల్యం కలుగవచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం భారతదేశంలో 15 ఏళ్ళు, ఆపై వయసు గల స్త్రీలలో 21.3%, పురుషులలో 24.0% మందికి రక్తపోటు ఎక్కువగా ఉంది, లేదా వారు దానికి మందులు వాడుతున్నారు.

స్థానిక పరిస్థితి

మౌలాలి, నాచారం, ఉప్పల్ హైదరాబాదు తూర్పు భాగంలోని ప్రాంతాలు. మౌలాలిలో రైల్వే ఇంజన్ల షెడ్డు, నాచారం, ఉప్పల్‌లలో పారిశ్రామికవాడలు ఉన్నాయి. షిఫ్టులలో పనిచేసేవారికి, దినకూలీలకు పగటిపూట ఆసుపత్రికి వెళ్తే ఆనాటి కూలి పోతుంది. అందుచేత పరీక్షే వారి వద్దకు వెళ్ళడం అవసరం. బీమా కలిగిన కార్మికులకు నాచారంలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది. 2018లో హైదరాబాదులో బస్తీ దవాఖానాలు మొదలయ్యాయి. జాతీయ కార్యక్రమం కింద 30 ఏళ్ళు, ఆపై వయసు వారికి రక్తపోటు, మధుమేహం పరీక్షలు చేస్తారు. ఇందుకోసం ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి వివరాలు సేకరిస్తారు.

పరీక్షించే పద్ధతి

పరీక్షకు అరగంట ముందు నుండి టీ, కాఫీ, పొగాకు మానాలి. మూత్రవిసర్జన చేసి, వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా 5 నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో ఉండాలి. చేతికి చుట్టే పట్టీ చిన్నదైతే రక్తపోటు అసలుకంటే ఎక్కువగా చూపుతుంది. నిమిషం వ్యవధితో కనీసం రెండుసార్లు చూడాలి.

వేర్వేరు రోజులలో చూసినపుడు కూడా 140/90 మి.మీ. లేక అంతకంటే ఎక్కువ ఉంటే అధిక రక్తపోటుగా నిర్ధారిస్తారు. శిబిరంలో ఒక్కసారి వచ్చిన అంకె నిర్ధారణ కాదు, హెచ్చరిక మాత్రమే. అయితే 180/120 దాటి, ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం వంటివి ఉంటే వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

అవగాహన

తలనొప్పి, కళ్ళు తిరగడం ఉంటేనే బి.పి. ఉన్నట్లు అనుకోవడం, అంకె తగ్గగానే మందులు మానేయడం సాధారణమైన అపోహలు. మందుల వల్లనే అంకె తగ్గుతుంది కనుక వైద్యుని సలహా లేకుండా వాటిని ఆపరాదు. పెద్దలు రోజుకు తీసుకొనే ఉప్పు 5 గ్రాములకు, అనగా సుమారు ఒక చెంచాకు, మించరాదు. ఊరగాయలు, అప్పడాలు, వడియాలలోని ఉప్పు కూడా ఈ లెక్కలోకి వస్తుంది. ప్రపంచ అధిక రక్తపోటు దినాన్ని 2005లో మొదట జరిపారు. 2006 నుండి మే 17న జరుపుతున్నారు.

పరీక్ష తరువాత

2017లో ప్రారంభమైన భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో మొదట చేరిన ఐదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. సులభమైన చికిత్సా విధానం, నిరంతర మందుల సరఫరా, వైద్యబృందం ఉమ్మడి బాధ్యత, ఇంటికి దగ్గరలో సేవలు, రోగుల వివరాల నమోదు దీనిలోని ముఖ్యాంశాలు. మందులకు మళ్ళీ రానివారిని ఈ నమోదు ద్వారానే గుర్తించి పిలిపిస్తారు. ఎంతమందికి బి.పి. చూశారన్నదాని కంటే, గుర్తించినవారిలో ఎంతమందికి అది అదుపులో ఉన్నదన్నదే ఇటువంటి పరీక్షల ఫలితానికి సరైన కొలమానం.