లెక్కకు మించిన చల్లదనము

2025వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి క్వాంటం వత్సరముగా ప్రకటించుటచే, ఏడాది ముగియకమునుపే పరమాణువులతో గణించు యంత్రముల పూర్వచరిత్రను ఒక్క పుటలో నిమిడ్చి యిమ్మని సంపాదకులు తొందరించిరి. కణాదుని పరమాణువునుండి, 1924లో ఢాకానుండి సత్యేంద్రనాథ బోసు ఐన్‌స్టీనునకు పంపిన వ్యాసమువరకు గల శతాబ్దములను ఒక్క అంగలో దాటుట చరిత్రకారునకు శోభింపదు గాని, నాకు వేరు దారి లేదు.

పరమాణువులతో గణింపవలెనన్న ముందుగా వానిని నెమ్మదింపజేసి, అనగా చల్లార్చి, పట్టవలెను. ఎదురువచ్చు పరమాణువునకే తగులునట్లు లేజరు పౌనఃపున్యమును ఇంచుక తగ్గించి ప్రసరింపజేసినచో దాని వేగము హరించునని 1975లో హెన్ష్, షాలో ప్రతిపాదించిరి. 1985లో బెల్ ప్రయోగశాలయందు స్టీవెన్ చూ బృందము లేజరు కిరణముల నడుమ సోడియం పరమాణువులను చిక్కించి, వాని ఉష్ణోగ్రతను 240 మైక్రోకెల్విన్లుగా కొలిచినది; సిద్ధాంతము విధించిన కనిష్ఠావధియు సరిగా అంతయే యగుటచే అందఱును తృప్తులైరి.

ఆ తృప్తిని చెఱచినవారు గేథర్స్‌బర్గులోని విలియం ఫిలిప్స్ బృందము. 1988లో వారు లేజర్ల నార్పి, పరమాణువులను వాని దారిని పోనిచ్చి, కొంతదూరమున నిలిపిన సన్నని కిరణమును చేరుటకు వానికెంతసేపు పట్టునో చూచిరి. అవి రావలసిన వేళకు రాలేదు. లెక్కింపగా ఉష్ణోగ్రత 40 మైక్రోకెల్విన్లని తేలినది! ప్రయోగము సిద్ధాంతమునకు వెనుకబడుట లోకసహజము, మించిపోవుట శంకాస్పదము. కావున వేరువేరు పద్ధతుల మరల మరల కొలిచిరి గాని, ఆ చల్లదనము అబద్ధము కాలేదు.

మర్మమును పారిస్‌లో కోహెన్-తనూజీ, దలిబార్‌లును, స్టాన్‌ఫర్డు చేరిన చూ బృందమును విప్పిరి. సౌకర్యార్థము పరమాణువునకు రెండే శక్తిస్థాయిలని పెద్దలు తలచియుండిరి. సోడియమునకు అంతకంటె నెక్కువ యుండుటచే, అది కాంతి కల్పించిన గుట్టనెక్కి, కొన చేరిన తోడనే వేరొక గుట్ట యడుగునకు చేరి, మరల నెక్కుచు, ఎక్కిన ప్రతిసారియు వేగము గోల్పోవుచుండెను. కొండకు బండను నిత్యము దొర్లించు గ్రీకురాజు సిసిఫస్ పేరును ఈ ప్రక్రియకు పెట్టిరి. 1997 నోబెల్ మాత్రము చూ, కోహెన్-తనూజీ, ఫిలిప్స్ అను మువ్వురికే దక్కినది.

ఇక కథ ఒక దారిన నడువదు. 1995 జూన్ 5న బౌల్డరులో రుబీడియముతో, పరమాణువులన్నియు ఒకే స్థితికి చేరు బోసు-ఐన్‌స్టీన్ ద్రవ్యము సిద్ధించినది. ఆష్కిన్ కనిపెట్టిన కాంతిపటకారులు ఒక్కొక్క పరమాణువును పట్టనేర్చినవి. అధికశక్తి పొంది రిడ్‌బర్గ్ స్థితికి ఉబ్బిన పరమాణువు పొరుగుదానిని ఉబ్బనీయదు గనుక, ఆ అడ్డునే లాజిక్ గేటుగా వాడవచ్చునని 2000లో జోలర్, లూకిన్ ప్రభృతులు సూచించిరి. కాల్‌టెక్ వారు 6,100 సీజియం పరమాణువులను బారులుగా నిలిపిరి. పటకారులనుండి పరమాణువులు జారిపోవుట మానలేదు. హార్వర్డు బృందము 2025లో, జారినవాని తావున క్రొత్తవానిని నింపుచు, 3,000 పరమాణువుల యంత్రమును రెండు గంటలకు పైగా నడిపినది.