భారతీయ ఆయిల్ పామ్ పరిశోధనా సంస్థ, పెదవేగి

భారతీయ ఆయిల్ పామ్ పరిశోధనా సంస్థ, ఆయిల్ పామ్ పంటపై పరిశోధనలు చేయుటకు భారత వ్యవసాయ పరిశోధనా మండలి స్థాపించిన జాతీయ సంస్థ. ఇది ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని ఏలూరు జిల్లా, పెదవేగి గ్రామములో ఉన్నది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడుటకు పూర్వము ఈ గ్రామము పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేది. వేంగి రాజ్యానికి రాజధానిగా ఉండుటచేత పెదవేగి చరిత్రలోనూ ప్రసిద్ధి చెందినది.

చరిత్ర

ఈ సంస్థ 1995 ఫిబ్రవరి 19న జాతీయ ఆయిల్ పామ్ పరిశోధనా కేంద్రము అనే పేరుతో ప్రారంభమయినది. 2009లో డైరెక్టరేట్ స్థాయికి ఎదిగి, తరువాత ప్రస్తుత నామాన్ని పొందినది. కేరళలోని పాలోడులో దీనికి ప్రాంతీయ కేంద్రమున్నది. పెదవేగి, ద్వారకా తిరుమల, కామవరపుకోట తదితర మెట్ట మండలాలలో ఈ పంట విస్తారముగా సాగవుతున్నందున, సంస్థ ప్రయోగాలకూ రైతుల తోటలకూ మధ్య దూరము తక్కువ. దేశములో ఆయిల్ పామ్ సాగులో ఆంధ్ర ప్రదేశ్ అగ్రస్థానములో ఉన్నది.

వార్షిక పరిశోధనలు

సంస్థ తన పనిని ఏటా వార్షిక నివేదిక రూపములో వెలువరిస్తుంది. వంగడాల అభివృద్ధి, సాగు పద్ధతులు, సస్యరక్షణ, కోత అనంతర సాంకేతికత, రైతు శిక్షణ ఇందులో ప్రధాన విభాగాలు.

* వంగడాలు: డ్యూరా, పిసిఫెరా రకాలను సంకరపరచి టెనెరా విత్తనాన్ని ఉత్పత్తి చేస్తారు. చెట్టు కాపుకు రావడానికే మూడు, నాలుగు సంవత్సరాలు పట్టును గనుక ఒక సంకరము విలువ తేలుటకు దశాబ్దము పైబడుతుంది.
* పోషకాలు: చెట్టుకు గల 17వ మట్ట నుండి ఆకు నమూనా తీసి, విశ్లేషించి, ఎరువు మోతాదును నిర్ణయిస్తారు. దీనివలన అనవసరపు ఎరువుల వాడకము తగ్గును.
* సస్యరక్షణ: 2016లో దేశములో కనిపించిన రుగోస్ సర్పిలాకార తెల్లదోమ కొబ్బరితో పాటు ఆయిల్ పామ్‌కూ సోకినది. రసాయనాలకు బదులుగా ఎన్‌కార్సియా అనే పరాన్నజీవి కీటకము, ఇసారియా శిలీంధ్రము వంటి జీవనియంత్రణ మార్గాలకు ప్రాధాన్యమిస్తున్నారు. పరాగ సంపర్కము ఒక చిన్న ముక్కుపురుగుపై ఆధారపడి ఉండుట కూడ ఇందుకొక కారణము.
* వ్యర్థాలు: నరికిన మట్టలను తోటలోనే పరచి తేమను నిలుపుట, మిల్లులలో మిగిలిన ఖాళీ గెలలను కంపోస్టుగా మార్చుట ముఖ్యమైన అంశాలు.

నీటి సమస్య

ఈ పంటకు సంబంధించిన ప్రధాన వివాదము నీరు. ఏడాది పొడవునా వర్షాలు కురిసే ఆగ్నేయాసియా దేశాలలో దీనిని వర్షాధారముగా పండిస్తారు. ఏలూరు మెట్టలో బోరు నీరే ఆధారము. కాపు కాసే చెట్టుకు రోజుకు 150 నుండి 200 లీటర్లు అవసరమని సిఫారసు. హెక్టారుకు 143 చెట్ల లెక్కన ఇది రోజుకు 21,000 నుండి 28,000 లీటర్ల పైచిలుకు అగును. వేసవిలో అవసరము ఇంకా పెరుగును. నీరు చాలనప్పుడు మగ పూగుత్తులు పెరిగి ఆడ పూగుత్తులు తగ్గుతాయి. ఈ నష్టము వెంటనే కనిపించదు, అనేక నెలల తరువాత గెలల దిగుబడిలో బయటపడును. అందువలన బిందు సేద్యము, మట్టలతో మల్చింగ్, కోకో వంటి అంతర పంటలపై పరిశోధనలకు ఇక్కడ ప్రత్యేక ప్రాముఖ్యత ఉన్నది.

పర్యావరణ ప్రాముఖ్యత

ఇండోనేషియా, మలేషియాలలో ఆయిల్ పామ్ కొరకు అడవులు నరికినారన్న విమర్శ ప్రపంచవ్యాప్తముగా ఉన్నది. ఆంధ్ర ప్రదేశ్‌లో ఇది ప్రధానముగా అప్పటికే సాగులో ఉన్న భూములలో విస్తరించినది. కనుక ఇక్కడి ప్రశ్న అడవుల కన్న భూగర్భ జలాలకు చెందినది. మెట్టలో పారే తమ్మిలేరు కొల్లేరు సరస్సులో కలియుటచేత, ఎగువన వాడే ఎరువుల, పురుగుమందుల ప్రభావము దిగువ ప్రాంతాలకు కూడ సంబంధించినదే.

దేశము తన వంటనూనెల అవసరాలలో సగానికి పైగా దిగుమతి చేసుకొనుచున్నది. మంచి యాజమాన్యములో ఆయిల్ పామ్ హెక్టారుకు 4 నుండి 6 టన్నుల నూనెనిస్తుంది. మరే నూనెగింజల పంటా ఇంత దిగుబడి ఇవ్వదు. దిగుమతులను తగ్గించుటకు కేంద్ర ప్రభుత్వము 2021 ఆగస్టులో 11,040 కోట్ల రూపాయలతో జాతీయ వంటనూనెల మిషన్ - ఆయిల్ పామ్ పథకాన్ని ఆమోదించినది. ఒకసారి నాటిన తోట 25 నుండి 30 సంవత్సరాలు ఉండును. కాబట్టి ఏ భూమిలో, ఎంత నీటి లభ్యతతో నాటవచ్చునన్న నిర్ణయము ఒక తరము రైతులపై ప్రభావము చూపును.