హోటలే ఇల్లయిన పిల్ల

1914. న్యూయార్క్ నగరానికి దాదాపు వంద మైళ్ల దూరంలో, క్యాట్‌స్కిల్ కొండల్లో ఫెర్న్‌డేల్ అనే ఊరు. సెలిగ్ గ్రాసింగర్ ఎక్కడ తవ్వినా రాయే తగులుతోంది. నగరంలో ఆరోగ్యం చెడి, అప్పోసప్పో చేసి కొన్న పొలం అది. ఇంట్లో కరెంటు లేదు, కుళాయీ లేదు. సేద్యం గిట్టుబాటు కాదని తేలిపోయాక ఆ కుటుంబానికి మిగిలిన ఆస్తి ఒక్కటే, ఇల్లాలు మాల్కే చేతివంట.

వేసవికి గదులు అద్దెకిచ్చారు. పెద్ద కూతురు జెన్నీ పక్కలు వేసింది, గదులు తుడిచింది, వడ్డించింది. అల్లుడు హ్యారీ నగరంలోనే ఉండి మనుషుల్ని పంపేవాడు. తొలి ఏడు వచ్చినవాళ్లు 9 మంది, మనిషికి వారానికి 9 డాలర్లు. సీజన్ ముగిసేసరికి చేతికొచ్చింది 81 డాలర్లు.

గ్రాసింగర్లు యూదులు. మాల్కేకి ఆచారం పట్టింపు ఎక్కువ. మన ఇళ్లలో మడివంటలాగే అక్కడా గిన్నె గిన్నెకూ లెక్క. మాంసం వండిన పాత్రలో పాలు పోయరు, రెంటినీ ఒకే పూట వడ్డించరు. అప్పట్లో అమెరికాలో చాలా హోటళ్లు యూదులకు గదులిచ్చేవి కావు. పరువుగా, కడుపునిండా తిని నాలుగు రోజులు ఉండే చోటు దొరికితే జనం రాకుండా ఉంటారా? 1919లో ఇంకా పెద్ద హోటల్ కొన్నారు. పోనుపోను అది 1,200 ఎకరాలకు పెరిగింది. సొంత పోస్టాఫీసు, విమానాలు దిగే సొంత మైదానం కూడా వచ్చాయి.

1945లో ఎనిమిదేళ్ల టానియా ఆ ఆవరణలో అడుగుపెట్టింది. తండ్రి లేడు. గ్రాసింగర్లతో చుట్టరికం ఉంది. తల్లి కార్లాకు అక్కడే ఉద్యోగం, వచ్చినవాళ్లను పలకరించి ఒకరికొకరిని పరిచయం చేయడం. ఊరంతా సెలవులకు వచ్చే చోట తల్లికి మాత్రం సెలవు లేని రోజులు. పిల్లకు ఇరుగూపొరుగూ అతిథులే. వారం తిరిగేసరికి వాళ్లూ మారిపోతారు.

ఒకరోజు పింగ్‌పాంగ్ బల్ల దగ్గర ఓ నల్లజాతి అతిథి ఆ పిల్లను ఆటకు పిలిచాడు. ఆయన జాకీ రాబిన్సన్. 1947లో బేస్‌బాల్ మేజర్ లీగ్‌లో వర్ణవివక్ష గోడను బద్దలుకొట్టిన ఆటగాడు. పేరున్న పెద్దమనిషి తనతో సమానంగా బ్యాటు పట్టాడు. ఆ ఆటతో మొదలైన స్నేహం ఏళ్ల తరబడి నిలిచింది. పెద్దయ్యాక టానియా ఆ స్నేహం మీద పిల్లల కోసం పుస్తకం రాసింది. హోటల్లో గడిచిన బాల్యాన్ని 1975లోనే ‘గ్రోయింగ్ అప్ ఎట్ గ్రాసింగర్స్’గా అచ్చువేసింది.

అప్పటికే కొండల్లో సందడి తగ్గింది. జెన్నీ 1972లో కన్నుమూసింది. విమాన ప్రయాణం చవకైంది, ఏసీలు ఇళ్లలోకి వచ్చాయి. అన్నిటికీ మించి, ఒకప్పుడు యూదులను రానివ్వని హోటళ్లు తలుపులు తీశాయి. 1986లో గ్రాసింగర్స్ మూతపడింది. 2018లో చాలా భవనాలు కూల్చేశారు.

కాదన్నవాళ్ల వల్ల పుట్టిన హోటల్ అది. కాదనేవాళ్లు తగ్గాక దాని అవసరమూ తీరింది. వ్యాపారంగా అది నష్టమే, సమాజానికి మాత్రం లాభం.