తెలియదని చెప్పగల యంత్రం

చంద్రపూర్‌లో పెరిగే తెలుగు బిడ్డ చెవిన రెండు భాషలు పడుతుంటాయి. మరాఠీలో ‘చాంగ్లే’ అనే మాటకూ, తెలుగులో ‘చాప’ అనే మాటకూ తొలి ధ్వని ఒక్కటే. అది ‘చిలుక’లోని చకారం కాదు, దంత్య చకారం. మరాఠీ లిపి ఈ భేదాన్ని చూపదు. తెలుగులో మాత్రం పందొమ్మిదవ శతాబ్దిలో సి.పి. బ్రౌన్ తన నిఘంటువులో ‘ౘ’, ‘ౙ’ అనే గుర్తులను వాడాడు. ఆ గుర్తులు కంప్యూటరులో ప్రవేశించిన తీరు ఒక పెద్ద ప్రశ్నకు ప్రవేశిక: పాతదానిని చెరపకుండా కొత్తదానిని చేర్చడమెట్లు?

1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణం తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది; అన్నిటినీ నింపలేదు. 2008లో ౘ, ౙ ఆ ఖాళీలలో చేరాయి. ఏ పాత అక్షరమూ తన చోటు వీడలేదు గనుక పూర్వం టైపు చేసిన ఏ పాఠమూ చెడలేదు. పాత కంప్యూటరు కొత్త అక్షరానికి బదులు ఒక గడిని చూపవచ్చు. అయితే దాని సంఖ్యను చెరపక భద్రపరిస్తే, తగిన ఫాంటు వచ్చిన నాడు అక్షరం మళ్ళీ కనిపిస్తుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ విషయంలో ఇదే సమస్య మరింత జటిలం. ఒక ప్రోగ్రాము ఫైలును తెరవాలన్నా, వ్రాయాలన్నా ఆపరేటింగ్ సిస్టమ్‌ను అర్థించాలి. ఆ అర్థింపును సిస్టమ్ కాల్ అంటారు. దానిని ఒక దరఖాస్తుగా భావిస్తే, అందులో టిక్కు పెట్టే గడులే ఫ్లాగులు.

1969లో బెల్ లేబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రారంభించిన యూనిక్స్‌లో ఫైలు తెరిచే ‘ఓపెన్’ కాల్ తొలుత అతి సరళం. చదవడానికా, వ్రాయడానికా అన్నదే ప్రశ్న. కాలక్రమాన గడులు పెరిగాయి. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ కూడా ఈ కాల్‌నే స్వీకరించింది. అయితే అందులో ఒక లోపం ఉండిపోయింది. అర్థం కేటాయించని గడిలో టిక్కు ఉన్నా లినక్స్ దానిని తిరస్కరించదు, చూడనట్లు ఊరకుంటుంది.

ఈ మౌనం వలన రెండు చిక్కులు. కొత్త ఫ్లాగును కోరే ప్రోగ్రాము పాత లినక్స్‌పై నడిస్తే, కోరిక నెరవేరకున్నా నెరవేరిందనుకొని ముందుకు సాగుతుంది. అట్లే, ఖాళీ గడులలో పొరపాటున టిక్కులు ఉంచిన పాత ప్రోగ్రాములు, ఆ గడులకు అర్థం ఏర్పడిన నాడు హఠాత్తుగా చెడతాయి. వాడుకరుల పాత ప్రోగ్రాములను చెరపరాదన్నది లినక్స్‌లో దృఢమైన నియమం గనుక, లోపం తెలిసినా సరిదిద్దడం సులభం కాలేదు.

2013లో, పేరులేని తాత్కాలిక ఫైలును సృష్టించే ‘ఓ-టెంప్‌ఫైల్’ అనే ఫ్లాగును చేర్చినపుడు నిర్మాతలు ఒక ఉపాయం పన్నారు. ‘ఇది డైరెక్టరీ’ అని తెలిపే పాత ఫ్లాగును కొత్తదానిలో కలిపారు. పాత లినక్స్‌కు అది డైరెక్టరీని వ్రాయడానికి తెరవమన్నట్లు తోచి, వెంటనే నిరాకరిస్తుంది. అంటే మౌనం స్థానంలో స్పష్టమైన ‘వీలుకాదు’ అనే జవాబు లభించింది.

ప్రతిసారీ ఇటువంటి ఉపాయం దొరకదు. అందుచేత 2020లో ‘ఓపెన్‌యాట్2’ అనే కొత్త కాల్ వచ్చింది. ఇది తెలియని ఫ్లాగు కనబడితే దరఖాస్తునే తిప్పి పంపుతుంది. దరఖాస్తు తనకు తెలిసినదానికంటె పొడవుగా ఉంటే, అదనపు భాగమంతా సున్నాలైతేనే అంగీకరిస్తుంది. పాత ‘ఓపెన్’ను మాత్రం తొలగించలేదు, దానిని నమ్ముకున్న ప్రోగ్రాములు యథాప్రకారం నడుస్తున్నాయి.

తెలియని అక్షరాన్ని చెరపక భద్రపరచడం, తెలియని ఆజ్ఞను నిరాకరించడం పైకి విరుద్ధంగా కనబడినా మూలసూత్రం ఒక్కటే: తెలియనిది తెలిసినట్లు నటించరాదు. ఖాళీ స్థలాన్ని నేడు జాగ్రత్తగా కాపాడిన వ్యవస్థకే రేపటి అవసరాన్ని అందులో నింపే అవకాశం ఉంటుంది. తరగతి గదిలో ‘నాకు తెలియదండీ’ అని ధైర్యంగా లేచి చెప్పే విద్యార్థికే పాఠం మరల బోధపడుతుంది. పాతను గౌరవిస్తూ కొత్తకు చోటిచ్చే ఈ క్రమశిక్షణ యంత్రాలకెంత అవసరమో, రెండు భాషల నడుమ ఎదిగే మన పిల్లలకూ అంతే అవసరం.