కువైట్ చిత్రశాలలు, సాంస్కృతిక కేంద్రాలు, రంగస్థలాలు

అరేబియా ద్వీపకల్పానికి ఈశాన్య మూలన, ఇరాక్‌కూ సౌదీ అరేబియాకూ నడుమ ఉన్న చిన్న దేశం కువైట్. చమురుకు ఎంత పేరుందో, గల్ఫ్ అరబ్బు దేశాల మధ్య నాటకానికీ చిత్రకళకూ ఒకప్పుడు దానికి అంత పేరుండేది. 1960లోనే అక్కడ ప్రభుత్వ ఖర్చుతో చిత్రకారుల కోసం పనిశాల ఏర్పడింది. 1961లో స్వాతంత్ర్యం వచ్చిన ఏడే ఆధునిక నాటక సమాజం పుట్టింది. 1969లో ప్రైవేటు గ్యాలరీ, 1973లో జాతీయ సంస్కృతి, కళలు, సాహిత్య మండలి, 1983లో కొత్త జాతీయ మ్యూజియం వచ్చాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ దండెత్తడంతో ఈ వరస తెగింది. నేడు సముద్రం ఒడ్డున మెరిసే ఒపెరా భవనం 2016 నాటిది. కువైట్ కళాజీవితాన్ని ఆ భవనంతో మొదలుపెట్టి చెబితే కథ తలకిందులవుతుంది. ఆ కళాజీవితానికి పునాది వేసినవి ఇళ్ళు, బడులు, మగవాళ్ళు సాయంత్రాలు చేరి మాట్లాడుకునే దివానియాలు.

పడవల కాలం

చమురుకు ముందు కువైట్ ముత్యాల వేటతో, ఓడ వర్తకంతో బతికింది. వేసవిలో నెలల తరబడి సాగే ముత్యాల వేటలో ప్రతి పెద్ద పడవకూ ఒక పాటగాడు ఉండేవాడు. అతన్ని నహ్హామ్ అంటారు. తెరచాప ఎత్తేటప్పుడు, తెడ్లు వేసేటప్పుడు అతను పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు గొంతు కలిపేవారు. చప్పట్లు, డోలు, మట్టికుండల మీద దరువు అందుకు వాద్యం. ఆనాటి పడవలు ఇప్పుడు లేకపోయినా, ఆ పాటలు పాడే జానపద బృందాలు ఉత్సవాల వేదికల మీద కనిపిస్తాయి.

ఇళ్ళలో, దివానియాల్లో వినిపించే సంగీతం సౌత్. ఊద్ అనే తీగవాద్యం వాయిస్తూ ఒకరు పాడితే, మిర్వాస్ అనే రెండు ముఖాల చిన్న డోలుతో, చప్పట్ల లయతో చుట్టూ ఉన్నవాళ్ళు తోడు నిలుస్తారు. కువైట్ సౌత్‌కు మూలపురుషుడిగా చెప్పుకునే కవి, గాయకుడు అబ్దుల్లా అల్ ఫరజ్ (1836-1901) చాలాకాలం బొంబాయిలో పెరిగి, అక్కడి సంగీతం ఒంటబట్టించుకుని తిరిగి వెళ్ళినవాడు. కువైట్ వర్తకులకు బొంబాయి, మలబారు రేవులు పెరటి దారులు. 1961 వరకూ అక్కడ చెలామణీ అయింది కూడా రూపాయే. గల్ఫ్ సంగీతంలో హిందుస్తానీ జాడ వినిపిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు.

బడి వేదిక నుంచి నాటకశాలకు

కువైట్‌లో తొలి నాటకాన్ని 1939లో ముబారకియా పాఠశాలలో విద్యార్థులు ఆడారని చెబుతారు. తొలి ఏళ్ళలో నాటకం ఎక్కువగా బడి గోడల మధ్యే సాగింది. స్త్రీ పాత్రలు మగపిల్లలే వేసేవారు. దాన్ని వృత్తిగా మలిచినవాడు ఈజిప్టు దర్శకుడు జకీ తులైమాత్. కువైట్ పిలుపుపై వచ్చి 1961లో అరబ్ థియేటర్ అనే సమాజాన్ని నెలకొల్పాడు. దానితోనే మర్యం అల్ సాలెహ్, మర్యం అల్ గద్బాన్ వేదికెక్కారు. కువైట్ రంగస్థలం మీద తొలి కువైట్ నటీమణులుగా వారిద్దరినీ ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు. 1963లో గల్ఫ్ థియేటర్, మరుసటి ఏడు కువైట్ థియేటర్ వచ్చాయి. గల్ఫ్ థియేటర్‌లో దర్శకుడు సఖ్ర్ అల్ రుషూద్, రచయిత అబ్దుల్ అజీజ్ అల్ సురయ్యి జంటగా పనిచేసి, చమురు డబ్బు ఇంట్లోకి వచ్చాక కుటుంబాల్లో తండ్రీకొడుకుల మధ్య పడిన ఎడాన్ని నాటకాలుగా చేశారు. రుషూద్ 1978లో చిన్నవయసులోనే పోవడం ఆ రంగానికి పెద్ద దెబ్బ. 1973లో మొదలైన ఉన్నత నాటక కళాసంస్థకు ఇతర గల్ఫ్ దేశాల యువకులు కూడా చదువుకోవడానికి వచ్చారు.

జనాన్ని నాటకశాలలకు రప్పించింది మాత్రం హాస్యం. అబ్దుల్ హుసేన్ అబ్దుల్ రెదా (1939-2017) పేరు తెలియని గల్ఫ్ ఇల్లు ఉండదు. 1981 నాటి ‘బై బై లండన్’, అరబ్బుల అనైక్యత మీద ఆడిన ‘బై బై అరబ్’ వీడియో క్యాసెట్ల మీద అరబ్బు దేశాలన్నీ తిరిగాయి. ఇరాక్ ఆక్రమణ ముగిశాక 1992లో వచ్చిన ‘సైఫ్ అల్ అరబ్’లో ఆయనే ఇరాక్ అధ్యక్షుడు సద్దాం హుసేన్ వేషం కట్టాడు. ఏడాది కిందట ఇళ్ళు పోగొట్టుకున్న జనాన్ని అదే విషయం మీద నవ్వించగలగడం చిన్న సంగతి కాదు. సల్మియాలోని నాటకశాలకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. దస్మా నాటకశాల మరొక ముఖ్య వేదిక. ప్రైవేటు బృందాల కొత్త నాటకాలకు ఈద్ పండుగే పెద్ద సీజను. మనకు సంక్రాంతి సినిమాలు ఎలాగో, కువైట్ కుటుంబాలకు ఈద్ నాటకాలు అలాగ.

ఈ హాస్యధోరణికి భిన్నంగా నడిచినవాడు సులేమాన్ అల్ బస్సామ్. 2002లో ‘ది అల్ హామ్లెట్ సమ్మిట్’తోనూ, 2007లో ఇంగ్లండ్‌లోని స్ట్రాట్‌ఫర్డ్‌లో ఆడిన ‘రిచర్డ్ ది థర్డ్: యాన్ అరబ్ ట్రాజెడీ’తోనూ షేక్స్‌పియర్‌ను అరబ్బు రాజకీయాల మధ్యకు తెచ్చాడు. కువైట్ నాటకం ప్రపంచ వేదికల మీద చర్చకు వచ్చింది ఈయన వల్లే.

చిత్రకారులకు జీతం

తొలితరం చిత్రకారుల్లో ముఅజబ్ అల్ దోసరి 1956లోనే మరణించాడు. ఖలీఫా అల్ ఖత్తాన్ (1934-2003) 1953లో పెట్టిన ప్రదర్శనను కువైట్‌లో తొలి ఏకవ్యక్తి చిత్రప్రదర్శనగా లెక్కిస్తారు. 1960లో విద్యాశాఖ ఆధ్వర్యంలో మర్సమ్ అల్ హుర్ర్, అంటే స్వేచ్ఛా చిత్రశాల, సాయంకాలపు పనిశాలగా మొదలైంది. రంగులు, కాన్వాసు, మట్టి అన్నీ ప్రభుత్వానివే. కొందరు కళాకారులకు ఉద్యోగ బాధ్యత లేకుండా పూర్తికాలం బొమ్మల పని చేసుకునేలా జీతమిచ్చే ఏర్పాటు కూడా జరిగింది. గల్ఫ్‌లో కళకు ఖర్చుపెట్టిన సొమ్ములో ఇంతకన్నా సార్థకమైనది మరొకటి ఉందని చెప్పడం కష్టం. 1943లో పుట్టిన శిల్పి సామీ మొహమ్మద్ ఆ నీడలోనే ఎదిగాడు. కట్లు తెంచుకోవడానికి పెనుగులాడే మనిషి దేహం ఆయన శిల్పాల్లో మళ్ళీ మళ్ళీ వస్తుంది. లెబనాన్‌లోని సబ్రా, షతీలా శిబిరాల మారణకాండ మీద కూడా ఆయన శిల్పం చేశాడు.

ప్రభుత్వ పోషణ బయట నిలిచినది సుల్తాన్ గ్యాలరీ. నజాత్ సుల్తాన్, ఆమె సోదరుడు, వాస్తుశిల్పి గాజీ సుల్తాన్ కలిసి 1969లో దీన్ని తెరిచారు. తొలి ప్రదర్శనలో ఇరాకీ చిత్రకారుడు ఇస్సాం అల్ సయీద్‌తో పాటు పుణెలో పుట్టిన మునీరా అల్ కాజీ చిత్రాలు ఉన్నాయి. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాను తీర్చిదిద్దిన ఇబ్రహీం అల్కాజీ తల్లి కూడా కువైట్ ఆవిడే. కువైట్, భారత తీరాల మధ్య రాకపోకలు సరుకులకే పరిమితం కాలేదు. బాగ్దాద్, బీరూట్, డమాస్కస్ చిత్రకారులకు సుల్తాన్ గ్యాలరీ గల్ఫ్ గుమ్మమైంది. 1977లో అమెరికన్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ కువైట్ వచ్చి తన చిత్రాలు ప్రదర్శించడంలోనూ దీని చేయి ఉంది. 1990లో మూతపడి, 2006లో మరో సోదరి ఫరీదా సుల్తాన్ చేతుల మీదుగా మళ్ళీ తెరుచుకుంది. 1982 నాటి బూషహ్రీ గ్యాలరీ, 2011లో షువైఖ్ పారిశ్రామిక వాడలో మొదలైన కాంటెంపరరీ ఆర్ట్ ప్లాట్‌ఫామ్ మిగతా వాటిలో చెప్పుకోదగ్గవి. ఆధునిక కళా మ్యూజియం పాత షర్కియా బడి భవనంలో నడుస్తోంది.

ఈ స్వేచ్ఛకు హద్దులున్నాయి. 2012లో షురూక్ అమీన్ అనే చిత్రకారిణి మగవాళ్ళ చాటుమాటు జీవితం మీద గీసిన చిత్రాల ప్రదర్శనను మొదలైన కొద్ది గంటలకే అధికారులు మూయించారు.

మ్యూజియం కాలిన ఏడు

ఫ్రెంచి వాస్తుశిల్పి మిషెల్ ఎకోషార్ 1960లో గెలుచుకున్న పోటీ నమూనా ప్రకారం కట్టిన జాతీయ మ్యూజియం సముదాయం 1983లో తెరుచుకుంది. అందులోని ఒక భవనంలో షేక్ నాసర్ సబా అల్ అహ్మద్, ఆయన భార్య షేకా హుస్సా సేకరించిన ఇస్లామిక్ కళాఖండాలను దార్ అల్ అథార్ అల్ ఇస్లామియా పేరుతో ప్రజలకు చూపించారు. సేకరణ ఆ దంపతులదే, ప్రదర్శన బాధ్యత ప్రభుత్వానిది. ఈ ఒప్పందం ఇన్నేళ్ళూ నిలిచింది.

1990 ఆక్రమణలో ఇరాక్ నుంచి మ్యూజియం సిబ్బందే వచ్చి వస్తువులను పెట్టెల్లో సర్ది బాగ్దాద్ తరలించారు. తర్వాత భవనాలకు నిప్పు పెట్టారు. మొరాకోలోని ఫెజ్ నగరానికి చెందిన 14వ శతాబ్దపు చెక్క తలుపులు ఆ మంటల్లో కాలిపోయాయి. అదృష్టవశాత్తూ వందకు పైగా మేలైన వస్తువులు అప్పటికే ఒక ప్రదర్శన కోసం లెనిన్‌గ్రాద్‌లోని హెర్మిటేజ్‌కు వెళ్ళి ఉన్నాయి. 1991లో ఐక్యరాజ్యసమితి పర్యవేక్షణలో బాగ్దాద్ నుంచి చాలావరకు తిరిగొచ్చాయి, కొన్ని ఎప్పటికీ రాలేదు. షేక్ నాసర్ 2020లో మరణించారు.

తెలుగువారు ఈ సేకరణను ప్రత్యేకంగా చూడాలి. మొగలు కాలపు రత్నాభరణాల్లో ప్రపంచంలోకెల్లా గొప్ప సేకరణల్లో ఇదొకటి. 2001లో బ్రిటిష్ మ్యూజియంలో ప్రదర్శించారు. దక్కన్ సుల్తానుల కాలపు వస్తువులు కూడా ఇందులో ఉన్నాయి. 2015లో న్యూయార్క్ మెట్రపాలిటన్ మ్యూజియం దక్కన్ కళపై పెట్టిన ప్రదర్శనకు ఇక్కడి నుంచి వస్తువులను అరువు తీసుకెళ్ళారు. ఆ యుగంలో పేరుపొందిన వజ్రాలు ఎక్కువగా కృష్ణాతీరపు కొల్లూరు వంటి గోల్కొండ గనులవే.

మ్యూజియం చాలా ఏళ్ళు శిథిలంగా ఉండిపోయినా దార్ అల్ అథార్ పని ఆపలేదు. ఉపన్యాసాలు, సంగీత సభలు నడుపుతూ, 2011లో పాత అమెరికన్ మిషన్ ఆసుపత్రి భవనాన్ని బాగుచేయించి అమెరికానీ సాంస్కృతిక కేంద్రంగా తెరిచింది. యర్మూక్ సాంస్కృతిక కేంద్రంలో దాని సంగీత కచేరీలు జరుగుతాయి.

ఇంటి మ్యూజియాలు

జాబ్రియాలో తారెక్ రజబ్ కుటుంబం 1980లో తమ ఇంటి నేలమాళిగలో తెరిచిన మ్యూజియంలో ఖురాన్ రాతప్రతులు, నగలు, దుస్తులు, వాద్యాలు ఉన్నాయి. ఆక్రమణ రాగానే వాళ్ళు నేలమాళిగ ద్వారానికి ఇటుకలతో గోడ కట్టేసి, మెట్ల మీద చెత్త పోశారు. సైనికులకు అక్కడ మ్యూజియం ఉందని తెలియలేదు. జాతీయ మ్యూజియం దోపిడీకి గురైనప్పుడు ఈ ఇల్లు దక్కింది. ఖాదిసియాలో ఖలీఫా ఖత్తాన్ భార్య, ఇటలీలో పుట్టిన లిడియా, తమ ఇంటి గోడలన్నీ అద్దం ముక్కలతో పొదిగి అద్దాలిల్లుగా మార్చింది.

గల్ఫ్ రోడ్డు మీది పాత ఇంట్లో నడిచే సదూ హౌస్ సంచార బెదూయిన్ స్త్రీల నేతకు నిలయం. గొర్రె, ఒంటె, మేక వెంట్రుకలతో వడికిన నూలును నేల మీద పరిచిన మగ్గం మీద నేసి గుడారపు తెరలు చేసేవారు. గుడారాలు పోయినా ఈ నేత పోకూడదని 1970ల చివర షేకా అల్తాఫ్ అల్ సబా, మరికొందరు పూనుకున్నారు. 2020లో యునెస్కో ఈ నేతను సౌదీ, కువైట్‌ల ఉమ్మడి వారసత్వంగా గుర్తించింది.

కొత్త భవనాలు, పాత ప్రశ్న

2016 అక్టోబరు 31న షేక్ జాబర్ అల్ అహ్మద్ సాంస్కృతిక కేంద్రం మొదలైంది. కువైట్ సంస్థ ఎస్ఎస్‌హెచ్ రూపకల్పన చేసిన ఈ నాలుగు భవనాల సముదాయంలో ఒపెరా, సంగీత మందిరం, సమావేశ మందిరాలు, చారిత్రక పత్రాల గ్రంథాలయం ఉన్నాయి. రెండేళ్ళలోపే కట్టారు. 2018లో సల్మియాలో అబ్దుల్లా అల్ సాలెం సాంస్కృతిక కేంద్రం విజ్ఞాన, ప్రకృతి మ్యూజియాలతో వచ్చింది. ఇవి అమీర్ కార్యాలయమైన అమీరీ దివాన్ చేపట్టిన కట్టడాలు. జాతీయ సంస్కృతి, కళలు, సాహిత్య మండలి మాత్రం 1994 నుంచి ఖురైన్ సాంస్కృతిక ఉత్సవాన్ని నడుపుతోంది.

ఈ వేదికలు ఎవరివన్నదే పాత ప్రశ్న. కువైట్ జనాభాలో మూడింట రెండు వంతులు విదేశీయులు. వారిలో భారతీయులే ఎక్కువ. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళినవారి సంఖ్య పెద్దది. ఇళ్ళలో పనిచేసే స్త్రీలలో చాలామందికి సెలవే దొరకదు. తెలుగు సంఘాలు ఉగాది, సంక్రాంతి వేడుకలను ఎక్కువగా భారతీయ పాఠశాలల ఆడిటోరియాల్లో, సెలవు శుక్రవారాల్లో జరుపుకుంటాయి. ఒకప్పుడు కువైట్ నాటకం మొదలైంది కూడా అలాంటి బడి వేదిక మీదే. కొత్త ఒపెరాలో వీరి కళకు చోటు దొరికిన రోజున ఆ భవనం కువైట్‌లో ఉన్నవారందరిదీ అవుతుంది. అక్కడి తెలుగువారు మాత్రం అందాకా ఆగనక్కరలేదు. వేళలు ముందే కనుక్కుని, ఒక సెలవు రోజున సదూ హౌస్‌కూ, తారెక్ రజబ్ మ్యూజియానికీ పిల్లలతో వెళ్ళి రావాలి.